పైవాటా వాళ్లది, మోటారు స్విచ్ మాది

అమలాపురంలో ఇల్లు కట్టినప్పుడు మా బావగారు ఒకటే పోరు. "పైవాటా అద్దెకిచ్చెయ్యండి, సగం ఈఎంఐ వాళ్లే కట్టేస్తారు." కడుతున్నారు, కాదనను. ఐదో తారీకుకల్లా డబ్బులు పడిపోతాయి. కానీ మోటారు స్విచ్ మా హాల్లో ఉందండీ, అదీ నా ఖర్మ.

తెల్లారి ఐదున్నరకి తలుపు టకటక. "అంకుల్, కుళాయిలో గాలే వస్తోంది." లుంగీ సర్దుకుంటూ వెళ్లి స్విచ్ వేస్తాను. మళ్లీ కునుకు పట్టిందా, ట్యాంకు పొంగి, సన్‌షేడ్ మీద నుంచి మా ఆవిడ పెరట్లో పెట్టిన మినప వడియాల మీదే ధార! తిట్లు మాత్రం నాకు. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలకి నీళ్లు ఆపేశాక మా బోరులో నీళ్లు అడుగంటుతాయి, వచ్చేవి కూడా ఉప్పగా ఉంటాయి. అప్పుడూ పైన వాషింగ్ మెషిన్ రోజుకి రెండుసార్లు తిరగాల్సిందే.

కరెంటు మీటరు ఒక్కటే. వాళ్ల ఏసీ, మా ఫ్యాన్లు కలిసి బిల్లు పై స్లాబులోకి ఎక్కి కూర్చుంటుంది. సబ్‌మీటరు పెట్టించాను. అది యూనిట్లు చెబుతుంది గానీ, పెద్ద రేటు ఎవరి నెత్తిన వెయ్యాలో చెప్పదు కదా.

ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో మినహాయింపట. పోయిన నిద్రకి ఎంత మినహాయిస్తారని ఆడిటర్‌ని అడిగితే నవ్వాడు.

ఉండండి, ఎవరో తలుపు కొడుతున్నారు.