మన పిల్లే అయినా, జపాన్ మీద బెంచీపైనే

ఆస్ట్రేలియాలో 2026 మార్చి 1న మహిళల ఆసియా కప్ ఫుట్‌బాల్ మొదలవుతోంది. భారత జట్టు ఎంపిక చివరి దశకు వచ్చింది. హనుమకొండ చౌరస్తాలో ఛాయ్ తాగుతూ క్రికెట్ కాకుండా వేరే జట్టు గురించి వాదించుకోవడం మామూలుగా కనబడదు. ఈసారి నిజామాబాద్ నుంచి వరంగల్ దాకా ఒక పేరు నలుగుతోంది: గుగులోతు సౌమ్య. "మన పిల్ల ఆడాలె, మూడు మ్యాచ్‌లూ ఆడాలె" అన్నది ఆ చర్చల సారాంశం. ఆ ముచ్చట మాకూ ఉంది. కానీ మూడు మ్యాచ్‌లూ అన్న దగ్గర మాత్రం మేం పాఠకులతో విభేదిస్తున్నాం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. సౌమ్యకు జిల్లా పేరు చెప్పి సీటు అడగాల్సిన ఖర్మ లేదు. నిజామాబాద్ జిల్లా లంబాడా తండా నుంచి బయల్దేరిన ఈ అమ్మాయి 2022లోనే క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బు జెర్సీ వేసుకుంది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ ఆమేనని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డిచ్చింది. ఇంత రికార్డు పెట్టుకుని "మా జిల్లా కోటా" అన్నట్టు మాట్లాడితే చిన్నబోయేది ఆమే.

ఇక అసలు విషయం. మన గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ ఉన్నాయి. మార్చి 4న పెర్త్‌లో వియత్నాంతో, 7న అక్కడే జపాన్‌తో, 10న సిడ్నీలో చైనీస్ తైపీతో ఆటలు. ఏడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు, మధ్యలో పెర్త్ నుంచి సిడ్నీకి ఖండం ఆ కొస నుంచి ఈ కొసకు విమాన ప్రయాణం. మొత్తం 12 జట్లు, మూడు గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లతోపాటు, మూడో స్థానంలో నిలిచిన మూడింటిలో మెరుగైన రెండు కూడా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. సెమీస్ చేరిన నాలుగు జట్లకు 2027 బ్రెజిల్ ప్రపంచ కప్‌లో నేరుగా చోటు. క్వార్టర్స్‌లో ఓడినవాళ్లకూ ప్లేఆఫ్ రూపంలో ఇంకో తలుపు తెరిచే ఉంటుంది. అంటే గ్రూపులో మూడో స్థానం కూడా పనికొచ్చేదే.

జపాన్ 2011లో ప్రపంచ కప్ గెలిచిన జట్టు. 2014, 2018లో ఆసియా కప్పు కూడా వాళ్లదే. వాళ్ల మీద మన అత్యుత్తమ పదకొండు మందిని దించితే పరువు దక్కుతుందేమో గానీ పాయింటు దక్కడం కష్టం. మనకు పాయింట్లు రావాల్సింది వియత్నాం, తైపీల దగ్గర. ఆ రెండూ తేలిక జట్లని కాదు. వియత్నాం 2023 ప్రపంచ కప్ ఆడొచ్చింది. తైపీ 1977, 1979, 1981లో వరసగా మూడుసార్లు ఈ కప్పు ఎత్తింది, అది పాత ముచ్చటే అనుకోండి. అయినా కొట్టగలిగితే వీళ్లనే కొట్టాలి. అందుకని మొదటి మ్యాచ్‌కూ మూడో మ్యాచ్‌కూ కాళ్లల్లో పస ఉన్న వింగర్లు, అంటే మైదానం అంచుల వెంట దాడి చేసే సౌమ్య లాంటివాళ్లు, కావాలి. మధ్య మ్యాచ్‌లో వింగర్ చేసే పని బంతితో ముందుకు దూకడం కాదు, తొంభై నిమిషాలూ జపాన్ ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) వెనకాల మన గోల్ వైపు పరుగెత్తడం. సౌమ్యను ఆ పనికి వాడితే సిడ్నీ మ్యాచ్ నాటికి మిగిలేది సగం సౌమ్యే.

ఇక్కడో చిక్కుంది. మూడో స్థానాల లెక్క గోల్ డిఫరెన్స్ దాకా, అంటే కొట్టిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ మధ్య తేడా దాకా వెళ్లొచ్చు. జపాన్ చేతిలో ఎలాగూ ఓడతామని ఏడెనిమిది గోల్స్ ఇచ్చేస్తే, తర్వాత తైపీని ఓడించినా లాభం ఉండకపోవచ్చు. కాబట్టి విశ్రాంతి అందరికీ కాదు. గోల్‌కీపర్‌ను, నలుగురు డిఫెండర్లను మూడు మ్యాచ్‌లకూ కదపొద్దు. మార్పులన్నీ ముందు వరసలోనే జరగాలి.

ఇది టీవీ ముందు కూర్చుని వేసిన లెక్క అనిపించొచ్చు. కానీ 2025లో జరిగిన క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు చూసినవాళ్లకు తెలుసు. మంగోలియాపై మనం 13-0తో గెలిచాం, ప్యారీ ఖాఖా ఒక్కతే 5 గోల్స్ కొట్టింది. తిమోర్ లెస్తెపై 4, ఇరాక్‌పై 5. తీరా జూలై 5న చియాంగ్‌మాయ్‌లో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డపైనే 2-1తో ఓడించి టికెట్ కొట్టిన రోజు, రెండు గోల్సూ మిడ్‌ఫీల్డర్ సంగీత బస్‌ఫోర్ వేసినవే. మంగోలియా మ్యాచ్ స్కోర్‌షీట్ చూసి థాయ్‌లాండ్ మ్యాచ్‌కు జట్టును రాయలేమన్నమాట. ఎదుటి జట్టు మారితే పని మారుతుంది, పని మారితే మనిషి మారాలి.

ఈ సంగతి హైదరాబాదీలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ చేసింది ఇదే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని ఆ జట్టు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో ఆడుతుంటే స్టాపర్ (నడిమి డిఫెండర్) జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్‌కు తలే ఆయుధం, ఆ తలకే కుట్లు. ఇంకెవరైనా అయితే అతన్ని ఇంటికి పంపేవాళ్లు. రహీం సాబ్ సెమీస్‌లో అతన్ని తెచ్చి గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. సెమీస్ ఆడిన గోల్‌కీపర్ ప్రద్యోత్ బర్మన్‌ను పక్కనపెట్టి, ఫ్లూతో నీరసపడ్డ పీటర్ తంగరాజ్‌ను దించాడు, అతను పొడగరి కనుక. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులవి, ఎంపిక తప్పితే దిద్దుకునే వీల్లేదు. పీకే బెనర్జీ ఒక గోల్, కుట్ల తలతోనే జర్నైల్ ఒక గోల్. 2-1. బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం సాబ్ మరుసటి ఏడాదే కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆయన దగ్గర డేటా లేదు, వీడియో లేదు, కన్ను ఉంది. ఆ కుర్చీలోకి తర్వాత ఏమేం వచ్చాయో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2022లో పురుషుల జట్టు ఆసియా కప్ క్వాలిఫయింగ్ ఆడేటప్పుడు ఆటగాళ్ల పేర్లు ఒక జ్యోతిష్కుడి దాకా వెళ్లాయని మరుసటి ఏడాది ఒక జాతీయ దినపత్రిక రాసింది. పెళ్లికి ముహూర్తం పెట్టించుకోవడం వేరు, లెఫ్ట్‌బ్యాక్‌కు పెట్టించుకోవడం వేరు.

నవ్వుకున్నాక మన దగ్గరకే వద్దాం. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో అమ్మాయిల సెలక్షన్లు మా విలేకరి చూశారు. నలభై మంది పిల్లలు, ఒకే బంతి, ఒక్కో జట్టుకు ఇరవై నిమిషాలు. గట్టిగా తన్నినవాళ్లకు, వేగంగా ఉరికినవాళ్లకు పేరు పక్కన టిక్కు. రెండు సైజులు పెద్ద బూట్లలో దూది కుక్కుకుని వచ్చిన ఒక అమ్మాయి డిఫెన్స్‌లో ఆడింది. ఆమె ఎప్పుడూ సరైన చోటే నిలబడటంతో ఎదుటివాళ్లు బంతిని అటు తేవడమే మానేశారు. బంతి రాలేదు కాబట్టి ఆమె ఏమీ చేయలేదని రాసుకున్నారు. నిఖత్ జరీన్ రింగులోకి దిగితే జడ్జిల పాయింట్లుంటాయి, కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి పరుగెత్తితే గడియారం ఉంటుంది. ఫుట్‌బాల్‌లో గడియారం పట్టుకోలేని పనే ఎక్కువ. దాన్ని గుర్తుపట్టే మనిషి మైదానం పక్కన ఉండాలి, జిల్లాలోనూ ఢిల్లీలోనూ.

అందుకే సమాఖ్యను మేం అడిగేది ఒకటే. జాబితా ఇచ్చేటప్పుడు పేర్లతోపాటు కారణాలూ చెప్పండి. ఫలానా అమ్మాయి ఫలానా పనికి, ఫలానా అమ్మాయి గాయం వల్ల లేదు, అంతే. రెండు వాక్యాలు చాలు. కారణం చెప్పని చోటే "ఆ రాష్ట్రం లాబీ", "ఈ క్లబ్బు పైరవీ" అన్న గుసగుసలు పుడతాయి.

బెంచీ అంటే చిన్నచూపు ఉన్నవాళ్లు 2022 జనవరిని గుర్తుచేసుకోవాలి. ఆసియా కప్ మన దేశంలోనే. నవీ ముంబైలో ఇరాన్‌తో తొలి మ్యాచ్ 0-0. తర్వాత జనవరి 23న ఇదే చైనీస్ తైపీతో ఆడాలి. ఈలోగా మన శిబిరంలో కోవిడ్ పాకింది. నిబంధన ప్రకారం మ్యాచ్‌కు కనీసం 13 మంది పేర్లివ్వాలి. ఆతిథ్య జట్టుకు ఆ 13 మంది తేలలేదు. స్టేడియం ఉంది, ప్రత్యర్థి జట్టు ఉంది, మనం లేం. టోర్నీ నుంచి తప్పుకున్నట్టు లెక్కగట్టి ఇరాన్‌తో ఆడిన మ్యాచ్ ఫలితాన్ని కూడా కొట్టేశారు. ఆ రోజు హోటల్ గదుల్లో ఉండిపోయిన అమ్మాయిల్లో కొందరికి తైపీతో పాత బాకీ ఇంకా ఉంది. ఆ బాకీ తీర్చే రోజుకు కాళ్లు తాజాగా ఉండాలన్నదే మా వాదన.

మార్చి 7న సౌమ్య పేరు తొలి పదకొండులో కనబడకపోతే మా కార్యాలయానికి ఫోన్లు వస్తాయని తెలుసు. ఆర్మూర్ నుంచి మొదటి ఫోన్ వస్తుందని మా డెస్కులో అప్పుడే పందేలు కూడా కాస్తున్నారు. ఎత్తుతాం. మాట్లాడేవాళ్లను మాత్రం 10వ తేదీ రాత్రి దాకా ఆగమంటాం.