సవరణ: 650 మాత్ర, జలుబు మాత్ర కలిపి వేసుకోవడం గురించి

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో ఒక తప్పు ఉంది. వరస నైట్ షిఫ్టులతో ఒళ్లు హూనమైతే 650 పారాసిటమాల్‌తో పాటు జలుబు మాత్ర కూడా రోజుకు నాలుగుసార్లు వేసుకోవచ్చని, రెండూ వేర్వేరు మందులేనని రాశాను. వేర్వేరు కావు.

మారతహళ్లిలో మా వీధి చివరి మెడికల్ షాపులో ఫార్మసిస్టు నా చేతిలోని జలుబు మాత్రల షీటు వెనక్కి తిప్పి చూపించారు. పారాసిటమాల్ 500 మి.గ్రా. దాని కిందే, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనబడనంత సన్నగా, కెఫీన్. అంటే పూటకు 1150, నాలుగుసార్లకు 4600 మి.గ్రా. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠ పరిమితి 4000. బరువు తక్కువున్నా, మద్యం అలవాటున్నా, కాలేయ జబ్బున్నా ఇంకా తక్కువే. దాటితే దెబ్బ కాలేయానికి. మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు కూడా, కాబట్టి ఎక్కువ మింగామని గుర్తిస్తే బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చీటీ లేకుండా ఇస్తారు కదా అని ధీమాగా రాసేశాను, తప్పు నాదే. ‘వేసుకుంటే హుషారొస్తుంది’ అన్నదీ తీసేయండి. అది కెఫీన్ పని, నిద్రకు బదులు కాదు. పాత పోస్టును ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టినవాళ్లు (మా పిన్ని సహా) దీన్నీ పెట్టండి.