సవరణ: ఆ 85 శాతం అంబులెన్సులో వచ్చింది కాదు

వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలి భాగాన్ని స్క్రీన్ మీద చూస్తూ శ్వాస గొట్టం వేయడానికి వాడే కెమెరా పరికరం) గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో ఒక విషయం తప్పు రాశాను. అంబులెన్సులో వీడియో వాడితే మొదటి ప్రయత్నంలోనే శ్వాస గొట్టం పడే అవకాశం 71 నుంచి 85 శాతానికి పెరిగిందన్నాను. అంకెలు సరైనవే, చోటు తప్పు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ అధ్యయనం అమెరికాలోని 17 ఎమర్జెన్సీ విభాగాలు, ఐసీయూల్లో 1,417 మంది పెద్దవాళ్లపై జరిగింది. అంటే అంతా ఆసుపత్రి లోపలే. ఎవరో పంపిన నాలుగు లైన్లు నమ్మి రాయడం నా పొరపాటు. ఇప్పుడు అసలు వ్యాసం చదివాను.

రోడ్డు మీద పరిస్థితి వేరు. మనిషి నేల మీద పడి ఉంటాడు, ఎండ నేరుగా స్క్రీన్ మీద కొడుతుంది. కాస్త రక్తమో వాంతో కెమెరాకు అంటితే చాలు, ఏమీ కనపడదు. ఆసుపత్రి బయట చేసిన అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. గొట్టం వేసేవాళ్ల అనుభవాన్ని బట్టి మారాయి.

ఇంకో మాట. "స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, ఇక కాప్నోగ్రఫీ (ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి గీతగా చూపే పద్ధతి) ఎందుకు?" అని కొందరు అడిగారు. నేను అలా అనలేదు. గొట్టం శ్వాసనాళంలోనే ఉందని నమ్మకంగా చెప్పేది కాప్నోగ్రఫీ చూపే, బయటికొచ్చే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గీతే. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు కూడా గొట్టం జారొచ్చు. దారి పొడవునా ఆ గీత చూస్తూనే ఉండాలి.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా పంపండి.