మూడుసార్లు చెప్పినా వినకపోతే?

1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 విమానం ఇంధనం అయిపోయి కూలింది. చక్రాలు సరిగా దిగాయో లేదోనన్న అనుమానంతో కెప్టెన్ దాదాపు గంటసేపు దాన్ని పైనే తిప్పాడు. ఇంధనం తగ్గిపోతోందని కాక్‌పిట్‌లో మిగతా ఇద్దరికీ, అంటే కో-పైలట్‌కూ ఫ్లైట్ ఇంజినీర్‌కూ, తెలుసు. ఆ మాట అన్నారు కూడా. కానీ లెక్క అప్పజెప్పినట్టు అన్నారే తప్ప, 'ఇప్పుడే దించాలి' అని తేల్చి చెప్పలేదు. 10 మంది చనిపోయారు. వాళ్లలో ఆ ఫ్లైట్ ఇంజినీరూ ఉన్నాడు.

దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు రెండు వైపులా వేలు చూపించింది. కెప్టెన్లు సిబ్బందిని కలుపుకుని నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకోవాలి, మిగతావాళ్లు తమ మాట స్పష్టంగా, నిలబడి చెప్పడం నేర్చుకోవాలి అంది. విమానయానంలో ఈ తరహా శిక్షణ ఆ తర్వాతే ఊపందుకుంది.

మన కంపెనీలు ఇందులో రెండో సగాన్ని మాత్రమే పట్టుకున్నాయి. కిందివాళ్లను ఓ హాల్లో కూర్చోబెట్టి కళ్లలోకి చూసి మాట్లాడమంటారు, 'నో' చెప్పడం నేర్చుకోమంటారు. మేనేజర్లు మాత్రం ఆ పూట వేరే మీటింగులో ఉంటారు.

నేర్చుకోవాల్సింది లేదని కాదు, చాలానే ఉంది. శుక్రవారానికి పని అవ్వదని తెలిసి కూడా 'చూస్తాను సార్' అంటాం. మనకది మర్యాదగా కాదనడం, సార్‌కేమో ఒప్పుకున్నట్టు. శుక్రవారం సాయంత్రానికి ఇద్దరికీ టెన్షన్. దానికి బదులు ఇలా చెప్పొచ్చు: 'సార్, శుక్రవారానికి మొత్తం అవ్వదండి. టెస్టింగ్‌కే రెండు రోజులు పడుతుంది. అప్పటికే కావాలంటే రిపోర్టుల పని వచ్చే వారానికి జరుపుదాం. ఏది ముందు కావాలో చెప్పండి.' ఇందులో సార్ ఉంది, అండి ఉంది, గొంతు పెంచిందీ లేదు. అవ్వదన్న మాట మొదటి వాక్యంలోనే వచ్చేసింది, ఎందుకో తెలిసింది, ఎంచుకునే పని అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టయింది. నిక్కచ్చిగా మాట్లాడాలంటే దురుసుగా ఉండాలని ఎవరు నేర్పారో కానీ, మర్యాదకూ స్పష్టతకూ తగాదా ఏమీ లేదు.

అయితే ఇదే వాక్యం ఎవరి నోట వచ్చిందన్నది కూడా లెక్కలోకొస్తుంది. సీనియర్ చెబితే 'క్లారిటీ ఉన్న మనిషి' అంటారు. కొత్తగా చేరిన అమ్మాయి చెబితే 'అప్పుడే ఇంత పొగరా' అంటారు. కాంట్రాక్టు ఉద్యోగి చెబితే వచ్చే నెల రెన్యువల్ ఉంటుందో లేదో. వీళ్లు నోరు మెదపకపోతే దాన్ని పిరికితనమనడం అన్యాయం, వాళ్ల లెక్క వాళ్లకుంది.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. దిగడం ఆపి మళ్లీ పైకి లేపుదామన్న అర్థంలో కో-పైలట్ మూడుసార్లు 'గో అరౌండ్' అన్నాడని విచారణలో తేలింది. విమానంలోని హెచ్చరిక వ్యవస్థా మోగుతూనే ఉంది. కెప్టెన్ వినలేదు. కో-పైలట్ చెప్పడంలో తడబాటు ఉందని ఇక్కడ ఎవరంటారు? అతన్ని ఇంకో ట్రైనింగ్‌కు పంపితే సరిపోయేదా?

అందుకే ముందు హాల్లో కూర్చోవాల్సింది మేనేజర్లు. 'అవుతుంది కదా?' అని అడిగితే 'అవుతుంది సార్' అనే వస్తుంది, ఇంకేం వస్తుంది? 'ఎక్కడ ఆగిపోయే అవకాశముంది?' అని అడిగితే కనీసం ఒకరైనా నోరు విప్పుతారు. ఆ విప్పినవాళ్లకు అప్రైజల్‌లో 'యాటిట్యూడ్ ప్రాబ్లమ్' అని రాస్తే మాత్రం, తర్వాతి మీటింగులో ఎవరూ ఏమీ మాట్లాడరు. అప్పుడు హెచ్‌ఆర్ మళ్లీ అదే ట్రైనర్‌ను పిలుస్తుంది.