అంతర్వేది పిల్లలకు పోటు బట్టీ ఎందుకు?

చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రం పొంగడమే పోటు. ఈ ఒక్క వాక్యం అప్పజెబితే మార్కులు పడతాయి. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గర పెరిగే పిల్లలూ దీన్ని బట్టీయే పడుతున్నారు. పోటు ఎప్పుడొస్తుందో, నీరు వెనక్కి పోయే పాటు ఎప్పుడు తీస్తుందో వేటకెళ్లే ఇళ్లలో రోజూ చూసుకునే సంగతి. బడికొచ్చేసరికి ఆ తెలివికి విలువ లేదు. ఇది అన్యాయం.

నేనడిగేది చిన్న పని. పాఠం చెప్పకముందే రేవులో ఒక వెదురు గడ పాతండి. బెత్తెడు బెత్తెడుకీ రంగు గీత పెట్టండి. పిల్లలు వంతులేసుకుని పదిహేను రోజులు నీటిమట్టం రాస్తారు. నిన్న ఆరింటికి నిండిన నీరు ఇవాళ ఏడు కావస్తుంటే గానీ నిండలేదని నాలుగో రోజుకే ఎవరో ఒకరు పట్టేస్తారు. రోజుకు రెండు పోట్లని, అమావాస్య, పున్నమిల ముందూ వెనకా నీరు పై గీతలు దాటుతుందని, అష్టమి రోజుల్లో అంత ఎక్కదని వాళ్లకే తెలుస్తుంది. చంద్రుడు కూడా రోజూ దాదాపు అంతే ఆలస్యంగా వస్తాడు కదా అని ఓ పిల్ల అడుగుతుంది. సిద్ధాంతం మొదలయ్యేది అక్కడే.

గెలీలియో సంగతి అప్పుడు చెప్పాలి. భూమి కదలిక వల్లే సముద్రం తొణుకుతోందని 1632లో అచ్చయిన పుస్తకంలో ఆయన వాదించాడు. ఆ లెక్కన రోజుకు ఒక్క పోటే రావాలి. వెనిస్‌లో రెండొస్తున్నాయని తెలిసీ, సముద్రం పొడవు, లోతు కారణమని సర్దుకున్నాడు. చంద్రుడి వల్లేనన్న ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ను తప్పుపట్టాడు. 1687లో న్యూటన్ గురుత్వాకర్షణతో రెండు పోట్లకూ కారణం చూపాడు. గెలీలియో అంతటివాడే పొరబడ్డాడని తెలిసిన పిల్లవాడు, తన అంకె పుస్తకంతో కుదరకపోతే దాన్ని కొట్టేయడు. మేం చదివిన బడిలో లోలకం రీడింగులు సీనియర్ల రికార్డు చూసి రాసేవాళ్లం. నేను నిజంగా కొలిచి రాసిన రోజున పేజీ నిండా ఎర్ర సిరా గీతలు.

సిలబస్ అవ్వదని, పరీక్షల టెన్షన్ ఉందని టీచర్లంటారు. వాళ్ల ఇబ్బంది నిజమే, కానీ గడ చూసి రాయడానికి ఐదు నిమిషాలు చాలు.

అసలు ఇది బడితో ఆగేది కాదు. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువ దిగదు, చేను మునుగుతుంది. కాలువలు బాగుచేయమని కోనసీమ రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. మునిగిన ప్రతిసారీ వాన ఎక్కువ పడిందన్న జవాబే వస్తోంది. వాన, పోటు సమయం, కాలువ మట్టం మూడూ రాసిన నోటుబుక్కు ఊరి బడిలో ఉందనుకోండి. గుర్రపుడెక్క పేరుకున్న కాలువలో పాటు సమయంలో కూడా నీరెందుకు కదలడం లేదో తొమ్మిదో తరగతి పిల్ల తేదీలతో సహా అడుగుతుంది. ఆ పిల్లను ఏదో ఒకటి చెప్పి పంపడం ఏ అధికారికీ కుదరదు.