దయచేసి ఉతక్కండి

సబ్బు చరిత్రకు చేసిన ద్రోహం ఇంతా అంతా కాదు. నమ్మకపోతే, 1934లో జపాన్‌లో పర్యటించిన అమెరికన్ బేస్‌బాల్ జట్టు చొక్కాలను సేకరించడానికి తపస్సు చేస్తున్న పెద్దమనుషులను అడగండి. యొమియురి పత్రికాధిపతి షొరికి మత్సుతారో పిలిస్తే బేబ్ రూత్, లూ గెరిగ్, జిమ్మీ ఫాక్స్ అంతటి బేస్‌బాల్ దిగ్గజాలు ఓడెక్కి వెళ్లారు. రూత్ ఒక్కడే 13 హోమ్ రన్‌లు, అంటే మన సిక్సర్ల లాంటివి, బాదాడు. వాటి ఊసు మాకెందుకు? ఛాతీ మీద ‘ఆల్ అమెరికన్స్’ అని కుట్టిన ఆ ఉన్ని ఫ్లానెల్ చొక్కా ఎక్కడుంది, దాని చంకలో చెమట మరక ఉందా లేదా, అదీ మాకు కావలసింది.

మామూలు ఇళ్లలో చిరిగిన చొక్కా మసిగుడ్డ అవుతుంది. ఈ శాస్త్రంలో చిరుగే సాక్ష్యం. ఆటగాడు తొడుక్కున్నది ఇదేనా అని తేల్చడానికి పాత ఫోటో పక్కన చొక్కా పరిచి, ఏ గుండీకి ఎదురుగా ఏ అక్షరం వంకర తిరిగిందో భూతద్దంతో చూస్తారు. మనవాళ్లు పెళ్లికి జాతకాలు కూడా ఇంత శ్రద్ధగా కలపరు. కలిస్తే కోట్లే. 1932 వరల్డ్ సిరీస్‌లో (అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోటీ) రూత్ తొడుక్కున్న చొక్కా 2024 వేలంలో 2 కోట్ల 41 లక్షల డాలర్లు పలికింది. సముద్రమైనా దాటని చొక్కాకే అంత!

మో బెర్గ్ చొక్కా మాత్రం పండితులను ఇరకాటంలో పెడుతుంది. బెర్గ్ అదే జట్టులో అంతంతమాత్రపు బ్యాటర్, బ్యాటర్ వెనక బంతి పట్టే రిజర్వు క్యాచర్. ఒకరోజు మ్యాచ్ ఎగ్గొట్టి, కిమోనో తొడుక్కుని, చేత పూలగుత్తితో టోక్యోలోని సెయింట్ లూక్స్ ఆసుపత్రికి వెళ్లాడు. బాలింతను పలకరిస్తానని చెప్పి, నేరుగా పైకప్పెక్కి నగరమంతా సినిమా కెమెరాలో పట్టుకొచ్చాడు. తర్వాతి కాలంలో నిజంగానే గూఢచారి అయ్యాడు. కానీ ఆ ఘనకార్యం నాడు అతని ఒంటిమీద జెర్సీ లేదు. గూఢచర్యంతో ఏ సంబంధమూ లేని ఆ అమాయకపు గుడ్డకు గూఢచారి ధర కట్టడం ధర్మమా?

షిజువొకలో రూత్, గెరిగ్, ఫాక్స్‌లతో సహా నలుగురు మహామహులను వరుసగా స్ట్రయికౌట్ చేసిన, అంటే బంతి విసిరి ఔట్ చేసిన, జపాన్ కుర్రాడు సవమురా ఎయిజికి అప్పుడు 17 ఏళ్లు. ఆ మ్యాచ్‌లో జపాన్ 1-0తో ఓడింది. అతను 1944లో యుద్ధంలో పోయాడు. పర్యటన చొక్కాలంటే మా పెద్దమనుషులకు ముందు గుర్తొచ్చేది రూత్ కొలతే. కుర్రవాడి కొలత ఎవరడుగుతారు లెండి.

నా పరిశోధన మాత్రం కొకురా మ్యాచ్ దగ్గర ఆగింది. ఆనాడు కుండపోత వాన. రూత్ ఫస్ట్ బేస్ దగ్గర గొడుగేసుకుని నిలబడ్డాడు, గెరిగ్ రబ్బరు బూట్లేసుకుని ఆడాడు. చొక్కా మీది బురద ఆ ఊరిదేనని నిరూపించడానికి నేను సిద్ధం. ఆ గొడుగు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి, చిరుగులుంటే మరీ మంచిది.