నూటికి ఎనిమిది రూపాయల ముప్ఫై మూడు పైసలు

ఇంటర్ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు ఏటా ఒకే ప్రశ్న పట్టుకుని తిరుగుతారు: ఏ కోర్సులో చేర్పిస్తే ఉద్యోగం ఖాయం? కంప్యూటర్ సైన్స్ అంటారు కొందరు. దానికి ఏఐ అనే తోక కూడా ఉండాలంటారు ఇంకొందరు. ఇవేవీ వద్దు, గ్రూప్స్‌కు కూర్చోబెట్టండి అంటాడు మేనమామ. సలహాలన్నీ మంచివే కానీ అన్నిట్లోనూ ఒకటే లోపం. అవన్నీ ఉద్యోగం వెతుక్కోవడం గురించి. వెతుక్కునేవాళ్లకు కొదవ లేని చోట తెలివైనవాడు ఆ గుంపులో కలవడు. వాళ్లకు వెతికిపెట్టే బల్ల అవతల కూర్చుంటాడు. కనుక తెలుగు తల్లిదండ్రులకు ఈ కాలమ్ సగౌరవంగా సిఫార్సు చేస్తున్న వృత్తి ఒక్కటే, ప్లేస్‌మెంట్. ఊళ్లో ఉద్యోగాలు ఉంటే దీనికి గిరాకీ. లేకపోతే ఇంకా గిరాకీ.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన పని అనుకోకూడదు. 1945లో యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు మళ్లుతుంటే, వాళ్లకు ఏదో ఒక పని చూపించడానికి ప్రభుత్వమే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు తెరిచింది. మూడేళ్లు తిరక్కుండానే అవి పౌరులందరివీ అయ్యాయి. 1959లో వాటికి చట్టబలం కూడా వచ్చింది. 2025లో సామాజిక భద్రత కోడ్ వచ్చి పక్కకు తప్పించేదాకా అమల్లో ఉన్న ఆ చట్టాన్ని భక్తితో చదవాలి. పాతికమందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థ తన దగ్గర ఖాళీ ఏర్పడితే ఎక్స్ఛేంజీకి తెలియజేసి తీరాలట. తెలియజేయకపోతే మొదటిసారి 500 రూపాయల దాకా జరిమానా, బుద్ధి రాకపోతే 1000 దాకా. ఇంత హడలగొట్టిన చట్టమే, ఎక్స్ఛేంజీ పంపిన మనిషిని తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం ఎవరికీ లేదని పక్కనే నిదానంగా చెబుతుంది. ఖాళీ ఉందని చెప్పడం తప్పనిసరి, నింపడం మీ ఇష్టం.

ప్రభుత్వ కొలువులకైనా ఎక్స్ఛేంజీ పేర్లు పంపేది, వాటితో పని జరిగేది. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు, ఆ పేర్లతో సరిపెట్టకండి, పత్రికల్లో కూడా ప్రకటించి దరఖాస్తు చేసుకున్న వాళ్లందరినీ పరిశీలించండి అని తేల్చింది. న్యాయంగా చూస్తే మంచి తీర్పే. సీనియారిటీని నమ్ముకుని మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ జుట్టు నెరిసిన తరానికి మాత్రం అది చల్లగా దిగింది. ఆ వరుసలో నిలబడ్డవాళ్లలో ఎందరికి ఉద్యోగం వచ్చిందో గానీ, కిటికీ అవతల కూర్చుని ముద్ర వేసినాయన నెల నెలా జీతం తీసుకుని పింఛనుతో రిటైరయ్యాడు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఆయన ఎప్పుడో నిరూపించాడు.

తర్వాత కిటికీ మారింది. 1997లో నౌక్రీ డాట్ కామ్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ వచ్చింది. హైదరాబాదులో హైటెక్ సిటీ లేచింది. దాని చుట్టూ, అద్దె తక్కువైన మెట్ల పక్క గదుల్లో కన్సల్టెన్సీలు వెలిశాయి. ఈ గదుల ఆర్థిక శాస్త్రం మొత్తం 8.33 అనే అంకె మీద నిలబడి ఉంది. కంపెనీకి మనిషిని పంపితే అతని ఏడాది జీతంలో 8.33 శాతం కన్సల్టెన్సీకి కమీషను. ఇది ఎక్కడిదని బుర్ర గోక్కోనక్కర్లేదు, పన్నెండు నెలల్లో ఒక నెల జీతం. పన్నెండు లక్షలవాణ్ని చేర్పిస్తే 99,960 రూపాయలు. లక్షకు తగ్గిన ఆ నలభై రూపాయలు దశాంశ బిందువు తినేసింది. బేరంలో గట్టి కంపెనీ ఇంకా చాలా తినేస్తుంది, అది వేరే సంగతి.

రిక్రూటరును పెళ్లిళ్ల పేరయ్యతో పోల్చడం మనకు అలవాటు. ఇది పేరయ్యకు అన్యాయం. పేరయ్య మూడు ముళ్లు పడ్డాక తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఏడాది తిరిగాక అమ్మాయికి ఫోన్ చేసి, "ప్రస్తుత సంబంధంలో సంతృప్తిగా ఉన్నారా? కొండాపూర్‌లో ఒక మంచి కుటుంబం ఉంది, ముప్ఫై శాతం ఎక్కువ ఇస్తామంటున్నారు" అని అడగడు.

ఈ వృత్తిలో చేరడానికి అర్హతలు తక్కువ, అందుకే వృత్తి గొప్పది. బీఎస్సీ బోటనీ చదివిన ఇరవై రెండేళ్ల అమ్మాయి సోమవారం చేరి, బుధవారం నాటికి పదిహేనేళ్ల అనుభవం ఉన్న క్లౌడ్ ఆర్కిటెక్టును ఇంటర్వ్యూ చేయగలదు. "జావాలో మీకు మీరే పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు సర్?" ఏడు అన్నవాడికి నిజంగా జావా వస్తుంది, అందుకే ఏడు అన్నాడు. కంపెనీవాళ్లు ఎనిమిదికి తగ్గవద్దన్నారు. తొమ్మిది అన్నవాడి పేరు పైకి వెళ్తుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమెకు రోజుకు ఇన్ని కాల్స్, ఇన్ని ప్రొఫైల్స్, నెలకు ఇన్ని క్లోజర్లు, అంటే చేరికలు అని టార్గెట్ ఉంది. ఆమె వృత్తి జ్ఞానమంతా ట్రాకర్ అనే ఎక్సెల్ షీటులో ఉంటుంది: పేరు, మొత్తం అనుభవం, పనికొచ్చే అనుభవం, ఇప్పటి సీటీసీ (కంపెనీ లెక్కలో ఏడాది జీతం మొత్తం), కోరే సీటీసీ, నోటీస్ పీరియడ్, చేతిలో ఉన్న ఆఫర్లు, రిమార్క్స్. మొత్తం అనుభవానికీ పనికొచ్చే అనుభవానికీ వేర్వేరు గడులు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, మానవ జీవితాన్ని బాగా చదివినవాడు.

నోటీస్ పీరియడ్ గడి దగ్గర కొంచెం ఆగాలి. మన ఐటీ కంపెనీల్లో అది ఎక్కువగా తొంభై రోజులు. రాజీనామా ఇచ్చినవాడు మూడు నెలలు అక్కడే కూర్చోవాలి. కూర్చున్నవాడు ఖాళీగా ఉంటాడా? చేతిలో ఉన్న ఆఫరు చూపించి ఇంకో ఆఫరు, అది చూపించి మరొకటి తెచ్చుకుంటాడు. అతన్ని పట్టి ఉంచడం రిక్రూటరు పని. వారానికోసారి ఫోన్ చేసి యోగక్షేమాలు కనుక్కుంటుంది. పండక్కి శుభాకాంక్షలు పంపుతుంది. అతని పాపకు జ్వరం తగ్గిందా అని అడుగుతుంది. సొంత మేనల్లుడు గుర్తుండని రోజుల్లో ఇది సామాన్యమైన ప్రేమ కాదు. చివరి రోజు సాయంత్రం సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"సర్, జాయినింగ్ రేపే కదా. పది గంటలకు రిసెప్షన్‌లో ఉంటారా?"

"తప్పకుండా మేడమ్."

"ఒరిజినల్స్ మర్చిపోకండి సర్."

"ఫైల్లో పెట్టేశాను మేడమ్. రిలీవింగ్ లెటర్ కూడా ఉంది."

మర్నాడు పదిన్నరకు ఫోన్ స్విచాఫ్. మధ్యాహ్నం వాట్సాప్‌లో రెండు ముక్కలు: తాతగారు పోయారు, ఊరు వెళ్తున్నాను. ఆ తాతగారు అంతకుముందు ఇంకో ఆఫరు వచ్చినప్పుడు కూడా పోయారని రిమార్క్స్ గడిలో రాసి ఉంటుంది. మూడు నెలల ప్రేమ, 99,960 రూపాయలు ఒకేసారి పోయినందుకు ఆ అమ్మాయి ఏడవడానికి కూడా వీల్లేదు, మూడింటికి ఇంకొకరి ఇంటర్వ్యూ లైనప్ ఉంది.

అభ్యర్థి ఆడే ఆటను రిక్రూటరూ ఆడుతుందని ఒప్పుకోవాలి. "ఫీడ్‌బ్యాక్ రాగానే చెబుతాను సర్" అన్న వాక్యానికి గడువు తేదీ ఉండదు. "మీ ప్రొఫైల్ హోల్డ్‌లో ఉంది" అంటే ఎవరినో తీసేసుకున్నారని అర్థం. అభ్యర్థి నిజంగా చేరాడనుకోండి, అప్పుడూ డబ్బు వెంటనే రాదు. అతను తొంభై రోజులు నిలవాలి. ఈలోపు మానేస్తే ఇంకొకణ్ని ఉచితంగా వెతికిపెట్టాలని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. కనుక అతను ఆఫీసులో ఇమిడాడా, మేనేజరు మంచివాడేనా, క్యాంటీను బాగుందా అని ఆమె ఆరా తీస్తూనే ఉంటుంది. తొంభై ఒకటో రోజు నుంచి ఫోన్ రాదు. తనను మర్చిపోయారని కొందరు అమాయకులు బాధపడతారు. బిల్లు పాసైంది, అంతే.

ఇక రాత్రి పూట జరిగే ప్లేస్‌మెంట్ మన జాతి ప్రపంచానికి ఇచ్చిన కానుక. అమీర్‌పేటలో జావాకు, సాప్‌కు ఉన్నట్టే దీనికీ కోచింగ్ ఉంది. పేరు బెంచ్ సేల్స్, అంటే అమెరికాలో పని లేక బెంచి మీద కూర్చున్నవాళ్లను కంపెనీలకు అమ్మిపెట్టడం. అభ్యర్థి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గెస్ట్ హౌసులో మరో నలుగురితో కలిసి పప్పు వండుకుంటూ ఉంటాడు. అతన్ని అమ్మిపెట్టే కుర్రాడు కూకట్‌పల్లిలో ఉంటాడు. అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ చీకటి పడుతుంది. అప్పుడు శ్రీనివాసులు హెడ్‌ఫోన్ తగిలించుకుని సామ్ అవుతాడు. బెంచి మీద ఉన్నవాళ్ల హాట్‌లిస్టు వెండర్లకు, అంటే మధ్యవర్తి కంపెనీలకు పంపుతాడు. మనిషికీ పనికీ మధ్య క్లయింటు, ప్రైమ్ వెండరు, దాని కింద వెండరు, ఆ కింద వీసా పట్టుకున్న యజమాని. గంటకు ఇన్ని డాలర్లని పైన మొదలైన ధార ఒక్కో మెట్టు దగ్గర కాస్త ఇంకుతూ కిందికి దిగుతుంది. చదువు ముగిసి ఓపీటీలో, అంటే స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే గడువులో ఉన్న పిల్లవాడు మొత్తం మీద తొంభై రోజులకు మించి పని లేకుండా ఉండకూడదని అమెరికా నిబంధన. మళ్లీ తొంభై! అక్కడ ఆ పిల్లవాడు రోజులు లెక్కపెట్టుకుంటుంటే, ఇక్కడ సామ్ అతని రెజ్యూమేలో అనుభవాన్ని లెక్కపెడుతుంటాడు. రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు.

అనుభవం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. లేని కంపెనీలో చేయని పనికి సర్టిఫికెట్ ఇచ్చే కుటీర పరిశ్రమ మన దగ్గర చక్కగా నడిచేది. పీఎఫ్ ఖాతా, ఎన్ని కంపెనీలు మారినా మారని యూఏఎన్ నంబరుకు ముడిపడ్డాక, ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో పాస్‌బుక్కే చెప్పేస్తోంది. ఒక స్వదేశీ కళ ఇలా అంతరిస్తుంటే సాంస్కృతిక శాఖ పట్టించుకోదు.

ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులను వదిలేస్తే వాళ్లు నొచ్చుకుంటారు. కౌన్సెలింగ్ రోజుల్లో హైవే పక్కన ఫ్లెక్సీల మీద నవ్వే పిల్లల ఫొటోలు వాళ్ల కృషే. ఒకే అమ్మాయికి నాలుగు ఆఫర్లు వస్తే నాలుగు ప్లేస్‌మెంట్లు, ఆఫరు వచ్చి జాయినింగ్ తేదీ రాకపోయినా ప్లేస్‌మెంటే. ఫ్లెక్సీ మీద అత్యధిక ప్యాకేజీ అని ఉంటుంది. మధ్యస్థ ప్యాకేజీకి ఫ్లెక్సీ కొట్టించినవాడు ఇంతవరకు కనబడలేదు. ఆ పిల్లల ప్యాకేజీ పక్కన సదరు అధికారి జీతం కూడా అచ్చువేయించాలని ఈ కాలమ్ కోరిక, పోలిక కోసమే.

ఇంతవరకు చెప్పిన పద్ధతిలో డబ్బు ఇచ్చేది కంపెనీ, కనుక అభ్యర్థి సరుకు. కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. సరుకుగా ఉండటంలోని సుఖం తెలియాలంటే జగిత్యాలకో కోనసీమకో వెళ్లి గల్ఫ్ ఏజెంటును చూడాలి. అక్కడ అభ్యర్థే కొనుగోలుదారుడు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఒక్క పైసా తీసుకోకూడదు. ఊరిదాకా వచ్చే సబ్ ఏజెంటుకు ఆ పరిమితి వర్తించదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అసలు ఆయనే లేడు. లేని మనిషి, వడ్డీకి తెచ్చిన డబ్బు పుచ్చుకుని, పనే లేని ఆజాద్ వీసా చేతిలో పెడతాడు. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అని రెండు ప్రభుత్వ సంస్థలు ఇదే పని పద్ధతిగా చేయడానికి ఉన్నాయి. సబ్ ఏజెంటుకున్న సౌకర్యం వాటికి లేదు. ఆయన రాత్రి పదింటికి కూడా ఇంటికొచ్చి టీ తాగుతాడు. "నువ్వు నా తమ్ముడి లాంటివాడివిరా" అంటాడు. ఈ వ్యాసంలో నవ్వు రానిది ఈ ఒక్క పేరానే, దాన్ని నవ్వించే ప్రయత్నం కూడా చేయడం లేదు.

కనుక రెండు ప్రభుత్వాలకూ ఒక ప్రతిపాదన. నిరుద్యోగులందరినీ ఏకమొత్తంగా రిక్రూటర్లుగా ప్రకటించండి. ఒకరికొకరు ఉద్యోగం వెతికిపెట్టుకుంటారు, ఆ వెతకడమే ఉద్యోగం కాబట్టి ప్రకటించిన పూటే నిరుద్యోగం సున్నా. పెట్టుబడి ఒక ఫోను, ఒక ఎక్సెల్ షీటు. రెజ్యూమే రాసేది ఎటూ ఏఐ, దాన్ని వడపోసేది కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్. మధ్యలో "హలో సర్, ఉద్యోగ మార్పు కోసం చూస్తున్నారా?" అనే మనిషి గొంతు ఒక్కటి చాలు.

దీన్ని అమలు చేయడంలో చిక్కు ఒకటే. కన్సల్టెన్సీల్లో రిక్రూటర్లు నిలవడం లేదు. రోజంతా ఇతరులకు మెరుగైన ఆఫర్లు చదివి వినిపించేవాళ్లు సాయంత్రానికి తమకూ ఒకటి చూసుకుంటున్నారు. అందుకని రిక్రూటర్లను వెతికిపెట్టే రిక్రూటర్లు అర్జంటుగా కావాలి. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, అనుభవం అక్కర్లేదు, తెలుగు, ఇంగ్లీషు మాట్లాడగలిగితే చాలు. సీటీసీ చర్చించుకోవచ్చు. ఎంపికైనవాళ్లు తొంభై రోజులు కదలకుండా ఉండాలి, ఆ తర్వాత వాళ్ల ఇష్టం.